ఒంటరి సముద్రయానం అంటారు, వెనక ఊరంత మంది! ఇందులో ‘ఒంటరి’ ఎక్కడుంది?

సందేహాల_రావు
వారం రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. మా చెల్లెలు కోల్ బ్రావర్ అనే అమెరికన్ అమ్మాయి పాత వీడియోలన్నీ వరసపెట్టి చూస్తోంది. ఆ అమ్మాయి 2023 అక్టోబర్ 29న స్పెయిన్‌లోని ఆ కొరున్యా రేవు నుంచి 40 అడుగుల తెరచాప పడవలో బయలుదేరింది. ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి 130 రోజులకు, 2024 మార్చి 7న, మళ్లీ అక్కడికే వచ్చింది. ఇలా వెళ్లొచ్చిన మొదటి అమెరికన్ మహిళ. మనిషి చూస్తే అయిదడుగుల రెండంగుళాలు. గొప్పే, కాదనడం లేదు.

నా బాధల్లా ‘సోలో’ అనే మాటతోనే. పడవ ఆమె సొంతం కాదు. ఒడ్డున టీమ్ ఉంది. ఒంట్లో నీరు తగ్గిపోతే డాక్టర్లు దూరం నుంచి చెబుతుంటే తనే సెలైన్ ఎక్కించుకుంది. ఇంటర్నెట్ ఉంది, లక్షల మంది ఫాలోయర్లు ఉన్నారు. మా ఊరి నుంచి హైదరాబాద్‌కి నైట్ బస్సులో ఒక్కడినే వచ్చే నేను ఇంతకన్నా ఒంటరిని. ఇంతమంది మోస్తుంటే దాన్ని ఒంటరి యాత్ర అని ఎలా అంటారు? తెలిసినవాళ్లు చెప్పండి. చెల్లెలికి మాత్రం చెప్పకండి.

కారం_దోశ
బస్సులో పక్క సీటువాడు నీ భుజం మీద నిద్రపోయాడు కదా అన్నా. అది ఒంటరి కాదు.

వైజాగ్_ఇంజన్‌రూమ్
కార్గో షిప్పుల్లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. తెరచాప మా లైన్ కాదు గానీ మాట అర్థం చెప్పగలను. సోలో అంటే పడవలో ఇంకో మనిషి ఉండకూడదు, అంతే. దాని పక్కన ‘అన్‌అసిస్టెడ్’ అని ఇంకో మాట ఉంటుంది, అసలు కష్టం అందులో ఉంది. బయటినుంచి చేతి సాయం తీసుకోకూడదు. ఒక నట్టు, ఒక లీటరు నీళ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్ కూడా అందుకోకూడదు. మాట సాయానికి మామూలుగా అడ్డు ఉండదు. డాక్టర్ ఫోన్లో వంద చెప్పనీ, ఊగుతున్న పడవలో సూది తన నరంలోకి తనే గుచ్చుకోవాలి. ఒకసారి మా షిప్పులో కుక్‌కి చెయ్యి కోసుకుంటే ముగ్గురం పట్టుకుని కుట్లు వేశాం. అప్పుడు తెలిసింది నాకు.

పుల్లయ్య_వేమవరం
బయలుదేరిన చోటికే తిరిగొచ్చింది అంటున్నారు. మధ్యలో ఎక్కడా ఆగలేదు అంటున్నారు. ఎందుకు వెళ్లిందో ఎవరూ అడగలేదు అంటున్నారు. మా ఇంటిపేరు వాళ్లే అయ్యుంటారు.

కారం_దోశ
😂 పుల్లయ్య గారూ, ఈ థ్రెడ్ మీ కోసమే పుట్టింది.

మెహదీపట్నం_మస్తాన్
రావన్నతో సగం ఒప్పుకుంటా. ఎవరెస్ట్ సంగతీ ఇంతే కదా. తాళ్లు కట్టేది షెర్పాలు, ఆక్సిజన్ మోసేది షెర్పాలు, ఫొటో మాత్రం మనది.

నీలిమ_బుల్లెట్
మస్తాన్ గారూ, ఆ పోలిక కుదరదు. పైన ఇంజన్‌రూమ్ గారు రాసింది మళ్లీ చదవండి. కొండ మీద షెర్పా మీ పక్కనే నడుస్తాడు. సముద్రంలో మీ పక్కన ఎవడూ ఉండడు. పైగా మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకు ఎవరెస్ట్ ఎక్కినప్పుడు వెనక గురుకులం ఉందని ఆ ఎక్కడం ఏమైనా తగ్గిందా?

మెహదీపట్నం_మస్తాన్
తగ్గిందనలేదు మేడమ్. పూర్ణ ‘సోలో’ అని చెప్పుకోలేదు కదా. నా పాయింట్ అదే.

హామ్_కాకినాడ
ఈ ప్రశ్నకు నా దగ్గర సరైన మనిషి ఉంది. జీన్ సోక్రటీస్. ఇంగ్లండ్ ఆవిడ, 1942లో పుట్టింది, లెక్కల టీచరుగా పనిచేసింది. పడవ నడపడం నేర్చుకున్నదే యాభై దాకా వచ్చాక, భర్తతో కలిసి. 2003లో ఆయన కేన్సర్‌తో పోయారు. అప్పటినుంచి ఒక్కతే. పడవ పేరు ‘నెరీడా’.

2008లో ప్రపంచం చుట్టేసి, ఇంకో 60 మైళ్లు వెళ్తే చుట్టు పూర్తవుతుందనగా ఆవిడ నిద్రలో ఉండగా పడవ మెక్సికో ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలిపోయింది. అరవై అయిదేళ్ల మనిషి. ఇంకో పడవ కట్టించింది, దానికీ అదే పేరు. 2011 జనవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర అల కొట్టి పడవ పక్కకు పడిపోయింది. బాగుచేయించుకుంది. 2012 అక్టోబర్‌లో కెనడాలోని విక్టోరియా నుంచి మళ్లీ బయలుదేరి, 259 రోజులు ఎక్కడా ఆగకుండా తిరిగి 2013 జులైలో చేరింది. అప్పటికి వయసు 70.

ఇందులో మా హామ్ రేడియోవాళ్ల (లైసెన్స్ తీసుకుని సరదాగా సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునేవాళ్ల) సంగతి ఏమిటంటే, ఆవిడకూ లైసెన్స్ ఉంది. 14.300 మెగాహెర్ట్జ్ మీద పసిఫిక్‌లో తిరిగే చిన్న పడవల కోసం రోజూ ఒక ‘నెట్’, అంటే రేడియోలో పలకరింపు సమావేశం, నడుస్తుంది. స్కూల్లో హాజరు పట్టీ లాంటిది. పేరు పిలుస్తారు, ఎక్కడున్నావు, గాలి ఎంత, అల ఎంత, ఒంట్లో ఎలా ఉంది అని అడిగి రాసుకుంటారు. పిలిచేవాళ్లకు జీతం లేదు. రిటైరైన పోస్ట్‌మాస్టర్ లాంటి వాళ్లు. ఒక రోజు జవాబు రాకపోతే కంగారు పడేది వాళ్లే. నా దృష్టిలో సపోర్ట్ అంటే ఇది. ఫాలోయర్లు కాదు.

సందేహాల_రావు
హామ్ గారూ, పోస్ట్ బాగుంది. కానీ మీరు నా వాదనే బలపరిచారు. రోజూ ఎవరో పేరు పెట్టి పిలుస్తుంటే ఒంటరితనం ఏముంది?

హామ్_కాకినాడ
రేడియో మోటారు పట్టుకుని చూస్తే తెలుస్తుంది బాబూ. షార్ట్‌వేవ్ అంటే సెల్‌ఫోన్ కాదు. సిగ్నల్ పైకి వెళ్లి, ఆకాశంలో పైనుండే అయనావరణం పొరకు తగిలి, వెయ్యి రెండు వేల మైళ్ల అవతల దిగుతుంది. పొద్దున దొరికిన మనిషి రాత్రి దొరకడు. సూర్యుడి మీద తుఫాను వస్తే రెండు రోజులు గరగర తప్ప ఏమీ ఉండదు. పది నిమిషాలు మాట్లాడి మైకు పెట్టేశాక మిగిలిన ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు ఎవరివి?

కారం_దోశ
‘రేడియో మోటారు’ అంటే ఏమిటి సార్?

హామ్_కాకినాడ
రేడియో మైకు. ఫోన్లో టైప్ చేస్తున్నాను. మా మనవడు ఏదో సెట్టింగ్ మార్చాడు.

లక్ష్మి_విక్టోరియా
హామ్ గారు రాసిన విక్టోరియా మా ఊరే. మాది నెల్లూరు, ఇక్కడికి వచ్చి పదేళ్లు. జీన్ గారి రెండో పెద్ద యాత్ర ముగిసినప్పుడు నేను రేవు దగ్గరే ఉన్నాను. 2018 అక్టోబర్‌లో వెళ్లి 2019 సెప్టెంబర్ 7న వచ్చారు, 77 ఏళ్లప్పుడు. నాకు అంతకుముందు ఆవిడెవరో తెలియదు. మా పక్కింటి పెద్దాయన ‘రా, ఒక అమ్మమ్మ ప్రపంచం చుట్టి వస్తోంది’ అని లాక్కెళ్లాడు.

చిన్న పడవలు కొన్ని ఎదురెళ్లాయి. జనం చప్పట్లు. ఆవిడ సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంది. నాకు గుర్తుండిపోయింది పక్కన నిలబడ్డ వాళ్ల మాటలు. ఒకడు ‘ఆ పంపు నేను బిగించాను’ అంటాడు. ఇంకొకావిడ ‘నేను డబ్బాల మీద లేబుల్స్ రాశాను’ అంటుంది. అది వింటే మన పెళ్లింట్లో ‘పులిహోర నేనే కలిపాను’ అనుకున్నట్టు ఉంది. అంతా తమ సొంత పనిలా చెప్పుకుంటున్నారు గానీ, ‘మేం తిరిగాం’ అని ఒక్కరూ అనలేదు.

ఉప్పాడ_చినబాబు
లక్ష్మి గారి పులిహోర పోలిక నాకు నచ్చింది.

మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. మా వైపు ఎవడూ ‘నేను ఒక్కడినే వేట చేశాను’ అనడు. వల అల్లింది ఒకరు, తెప్ప దించడానికి పట్టింది నలుగురు, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మింది మా అమ్మ. వాయుగుండం కబురొస్తే ఒడ్డున నిలబడి గంగమ్మ తల్లికి మొక్కుకున్నదీ ఆవిడే. అలాగని అల వచ్చినప్పుడు తెడ్డు పట్టింది మాత్రం మా నాన్న ఒక్కడే. రెండూ నిజమే. దీనికి ఇంత గొడవెందుకో నాకు అర్థం కాలేదు.

ఇంకో మాట. మా ఊళ్లో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, పాటలో ధర కొట్టి మరీ కొంటారు. తెప్ప మాత్రం ఎక్కరు. ఎక్కనివ్వరు. ఎందుకని అడిగితే ‘ఆనవాయితీ’ అంటారు. సముద్రాన్నే తల్లి అని పిలుస్తూ అంటారు ఆ మాట.

నీలిమ_బుల్లెట్
చినబాబు గారి చివరి వాక్యానికి నా దండం.

రావు గారికి ఒక ప్రశ్న. ఫ్రాన్సిస్ చిచెస్టర్ 1966-67లో ఒక్కడే ప్రపంచం చుట్టి వస్తే మహారాణి కత్తితో భుజం తట్టి సర్ బిరుదు ఇచ్చింది. ఆయన పడవ ఖర్చు పెట్టుకున్నది బంధువైన ఒక ప్రభువు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 312 రోజులు ఆగకుండా తిరిగి 1969లో చేరాడు. ఆయన పడవ ‘సుహేలీ’ని టేకు కర్రతో కట్టింది మన బొంబాయిలో. ఆ వడ్రంగుల పేర్లు ఎవరికైనా తెలుసా? వీళ్ల గురించి ‘ఇందులో ఒంటరి ఎక్కడుంది’ అని థ్రెడ్ పెట్టారా ఎప్పుడైనా?

సందేహాల_రావు
పెట్టలేదు. వాళ్ల వీడియోలు మా చెల్లెలు చూడలేదు, అందుకని. 😅 కానీ నా ప్రశ్న మగవాళ్లకూ వర్తిస్తుంది. ఆడవాళ్లని తక్కువ చేయాలని కాదు నీలిమ గారూ.

నీలిమ_బుల్లెట్
మీరు చేయాలని అనుకోరు. అలా జరిగిపోతుంది. నా సంగతి చెబుతాను. నేను అనంతపురం నుంచి గోకర్ణం బండి మీద ఒక్కదాన్నే వెళ్లాను. బయలుదేరే ముందు అందరిదీ ఒకే ప్రశ్న, ‘మీ ఇంట్లో పంపిస్తున్నారా?’ మా అన్న లడాఖ్ వెళ్లినప్పుడు అడిగింది ‘ఏ బండి?’ అని. వెళ్లొచ్చాక నాతో అన్నది, ‘లొకేషన్ ఆన్‌లోనే ఉంది కదా, ఇంకేం భయం!’ ముందు వెళ్లొద్దు, తర్వాత ఇదేం పెద్ద సంగతి కాదు. మధ్యలో నేను నడిపిన కిలోమీటర్లు ఎవరి ఖాతాలోనూ లేవు.

లైవ్ లొకేషన్ గురించి ఒక మాట. ఫ్యామిలీ గ్రూపులో పదిహేడు మంది చూస్తున్నారు. టీ కోసం ఆగితే ‘ఎందుకు ఆగావు’ అని మెసేజ్. సపోర్టా, కాపలానా? నాకు ఇప్పటికీ తేలలేదు.

గోదారి_గట్టు
కాపలా అనే మాట భలే పట్టారు. ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేస్ అనే పడవ పందెంలో దీనికి తిరగేసిన పద్ధతి ఉంది. అందులో జీపీఎస్ వాడకూడదు. సెక్స్టెంట్‌తో సూర్యుణ్ణి, నక్షత్రాల్ని కొలిచి కాగితం మ్యాప్ మీద పెన్సిల్‌తో గీసుకోవాలి. పడవలు కూడా 32 నుంచి 36 అడుగుల పాతకాలం డిజైన్లే. కానీ పడవలో ఒక ట్రాకర్ పెడతారు. ప్రపంచమంతా చూస్తుంది, నడిపే మనిషికి మాత్రం కనిపించదు. 2022-23 రేస్‌లో దక్షిణాఫ్రికా అమ్మాయి కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్ గెలిచింది. పదహారు మందిలో ఒకే ఒక్క మహిళ. 235 రోజులు. తను గెలిచానన్న సంగతి ఒడ్డుకు చేరాకే తెలిసింది ఆమెకు. రెండు రోజుల తర్వాత రెండో స్థానంలో వచ్చింది మన నేవీ మాజీ అధికారి అభిలాష్ టోమీ.

అంటే ఎనిమిది నెలలు జనం ఆమెను చూస్తూ ఉన్నారు, ఆమెకు జనం కనిపించలేదు. నీలిమ గారి గ్రూపులాగే, కాకపోతే మెసేజ్ పెట్టే వీలు లేదు. అదృష్టవంతురాలు.

నీలిమ_బుల్లెట్
ఆ రేస్‌లో చేరతాను. 😄

సందేహాల_రావు
ఇది బాగుంది. అయితే అసలైన సోలో ఇదీ, కోల్ బ్రావర్‌ది కాదు. ఒప్పుకుంటారా?

వైజాగ్_ఇంజన్‌రూమ్
తొందరపడకండి రావు గారూ. అదే రేస్‌లో జరిగింది వినండి. మా షిప్పుల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

2022 నవంబర్ 18. దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా, హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో, ఫిన్లండ్‌కి చెందిన టాపియో లెహ్టినెన్ పడవ అయిదంటే అయిదు నిమిషాల్లో మునిగిపోయింది. ఆయన రబ్బరు తెప్ప ఎక్కాడు. ప్రమాద సంకేతం వెళ్లింది. చుట్టుపక్కల చూస్తే అందరికన్నా దగ్గరలో ఉన్నది కిర్‌స్టెన్. దగ్గర అంటే వంద మైళ్ల పైన. రేస్ వాళ్లు మెసేజ్ పెట్టారు. ఆమె పడవ తిప్పి, రాత్రంతా చుక్కాని చేత్తో పట్టుకుని నడిపింది. తెల్లారాక ఆయనకు ఈమె తెరచాప కనిపిస్తోంది గానీ, ఈమెకు అలల మధ్య ఆయన కనిపించడం లేదు. ఒడ్డున కూర్చున్నవాళ్లు ఇద్దరి లెక్కలూ చూసి ఎటు తిరగాలో చెబుతూ కలిపారు. ఆయన్ని పైకి లాగి, ఇద్దరూ చెరో గుక్క రమ్ తాగి, వచ్చిన కార్గో షిప్పు ‘దర్యా గాయత్రి’కి అప్పజెప్పి ఆమె మళ్లీ తన దారిన వెళ్లిపోయింది. పోయిన టైముకి 35 గంటలు లెక్కలో కలిపారు.

అసలు ఒంటరి అంటున్నారే, ఆ సముద్రంలో పక్కవాడికి దిక్కు ఆమే. మా కార్గో షిప్పు కూడా దారి మార్చుకుని వెళ్లాల్సిందే, చట్టం అది. 2018లో ఇదే రేస్‌లో సూజీ గుడాల్ అనే బ్రిటిష్ అమ్మాయి పడవ కేప్ హార్న్‌కు రెండు వేల మైళ్ల ఇవతల తలకిందులై స్తంభం విరిగితే, రెండు రోజులకు ఒక కార్గో షిప్పు వచ్చి క్రేన్‌తో ఎత్తింది. ఆ క్రేన్ నడిపినవాడు రాత్రి వాచ్ చేసి నిద్రకళ్లతో ఉన్నాడేమో ఎవరికి తెలుసు. వాడి పేరు ఏ వార్తలోనూ రాదు.

కారం_దోశ
ఇంజన్‌రూమ్ అన్నకు గుర్తింపు రాలేదన్న బాధ ఎక్కడో కొడుతోంది.

వైజాగ్_ఇంజన్‌రూమ్
కొడుతుంది తమ్ముడూ. ఇంజన్ గదికి కిటికీ కూడా ఉండదు.

గోదారి_గట్టు
కిర్‌స్టెన్ గురించి ఇంకొంచెం. పడవ ఆమెకు కెనడా తూర్పు తీరంలో దొరికింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పెట్టుకుని చలికాలమంతా విప్పి మళ్లీ కట్టుకుంది. లాబ్‌స్టర్లు పట్టుకుని బతికే జనం అక్కడ. పడవ పని చేతుల్లో ఉన్నవాళ్లు. వాళ్ల సాయంతో ఆ పని నడిచింది. దక్షిణాఫ్రికా అమ్మాయి, అమెరికన్ డిజైన్ పడవ, కెనడా ఊరు, ఫ్రాన్స్‌లో రేస్. ఎవరికి ఎవరు చుట్టం?

మెహదీపట్నం_మస్తాన్
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. ఇదంతా తెల్లవాళ్ల ఖరీదైన ఆట. జనం చందాలు ఇస్తారు, ప్రాణాల మీదకొస్తే ప్రభుత్వాలు ఓడలు పంపుతాయి. ఆ డబ్బు పెడితే మా బస్తీలో ఆడపిల్లలకు గ్రౌండ్ వస్తుంది. ఇది తప్పు ప్రశ్న అంటే ఊరుకుంటా.

లక్ష్మి_విక్టోరియా
తప్పు ప్రశ్న కాదు. కానీ అందరూ కోటీశ్వరులు కారు. 1978లో కేప్ హార్న్ మీదుగా ఒంటరిగా చుట్టి వచ్చిన నయోమీ జేమ్స్ ఒకప్పుడు జుట్టు కత్తిరించే పని చేసింది. పడవ అరువు. ఖర్చు ఒక పత్రిక పెట్టుకుంది, అందుకే పడవకు దాని పేరు తగిలించారు. వెంట ఒక పిల్లిని తీసుకెళ్లింది, అది దారిలో సముద్రంలో పడిపోయింది పాపం.

పుల్లయ్య_వేమవరం
పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం విన్నాను. ప్రపంచం చుట్టడానికి కూడానా.

నీలిమ_బుల్లెట్
ఆమె కన్నా ముందు పోలండ్ ఆవిడ ఉంది. క్రిస్టినా హోయ్నోవ్‌స్కా-లిస్కియెవిచ్. ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టిన మొట్టమొదటి మహిళ, 1976-78. మధ్యలో రేవుల్లో ఆగుతూ వెళ్లింది. ఓడలు కట్టే ఇంజనీరు. భర్త కూడా అదే వృత్తి, ఆ పడవ కట్టడంలో ఆయన చేయి ఉంది. మస్తాన్ గారూ, ఓడల యార్డు ఉద్యోగం తెల్లవాళ్ల ఖరీదైన ఆట కాదు కదా.

మెహదీపట్నం_మస్తాన్
సరే, ఊరుకున్నా. గ్రౌండ్ సంగతి మాత్రం వదలను.

అమ్మమ్మ_మాట
అందరూ పెద్దవాళ్ల గురించి రాస్తున్నారు. పదహారేళ్ల పిల్లల్ని పంపడం గురించి ఏమంటారు? జెస్సికా వాట్సన్ అనే ఆస్ట్రేలియా పిల్ల గురించి మా అమ్మాయి చెప్పింది. నాకు చదువుతుంటేనే గుండె దడ.

గోదారి_గట్టు
అమ్మమ్మ గారూ, మీ దడ ఆ రోజుల్లో దేశమంతా పడింది. 2009 సెప్టెంబర్‌లో, ఇంకా అసలు యాత్ర మొదలుకాకముందే, రాత్రిపూట కునుకు తీస్తుండగా ఆ పిల్ల పడవ 63 వేల టన్నుల సరుకు ఓడను గుద్దుకుంది. తెరచాప స్తంభం విరిగిపోయింది. పేపర్లు, టీవీలు, నాయకులు అందరూ ఆపమన్నారు, తల్లిదండ్రుల్ని తిట్టారు. వాళ్లు ఆపలేదు. పడవ బాగుచేసుకుని అక్టోబర్ 18న సిడ్నీ నుంచి వెళ్లింది, 210 రోజులకు 2010 మే 15న వచ్చింది. ఇంకో మూడు రోజుల్లో పదిహేడు నిండుతాయనగా. తిట్టిన ఊరే ఒపెరా హౌస్ దగ్గరికి వచ్చి చేతులూపింది. ప్రధాని కూడా వచ్చాడు.

అమ్మమ్మ_మాట
వచ్చింది కాబట్టి చేతులూపారు. రాకపోయి ఉంటే ఆ తల్లి ఏం వినాల్సి వచ్చేదో నేను ఊహించగలను. మా పెద్దమ్మాయి హాస్టల్లో జ్వరం వచ్చి పడిపోతే, ‘అంత దూరం ఎందుకు పంపావు’ అని నన్ను ఆరు నెలలు అన్నారు. పంపినప్పుడు స్వీట్లు తిన్నవాళ్లే.

నీలిమ_బుల్లెట్
అమ్మా, మీ రెండు వాక్యాలు ఈ థ్రెడ్ మొత్తం కన్నా బరువు.

వైజాగ్_ఇంజన్‌రూమ్
నెదర్లాండ్స్‌లో లారా డెక్కర్ విషయంలో కోర్టే అడ్డుపడింది. పదమూడేళ్లకే వెళ్తానంటే పిల్లల సంరక్షణ అధికారులకు బాధ్యత అప్పగించింది. దాదాపు ఏడాది పోరాడి, 2010లో వెళ్లి, 2012 జనవరిలో పూర్తిచేసింది, పదహారేళ్లకు. నా కూతురికి పన్నెండు. నేను కోర్టు పక్షమే. సముద్రం తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సందేహాల_రావు
ఇంజన్‌రూమ్ గారే భయపడుతున్నారంటే నేను ఇంకేం మాట్లాడను. ఒక సందేహం మాత్రం ఉంది. మనవాళ్లెవరూ లేరా ఇందులో?

వైజాగ్_ఇంజన్‌రూమ్
లేకేం! ఒంటరిగా కాదు, ఆరుగురు. నేవీ అమ్మాయిలు ‘తారిణి’ మీద 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి వెళ్లి 2018 మే 21న వచ్చారు. అందులో పి. స్వాతి మా వైజాగ్ అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాద్. కెప్టెన్ వర్తికా జోషి. పడవ కూడా గోవాలో కట్టిందే. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లలో ఆగారు. చుక్కాని దగ్గర ఇబ్బంది వస్తే అనుకోకుండా మారిషస్‌లో కూడా.

తర్వాత అదే తారిణి మీద నేవీ అధికారులు దిల్నా, రూపా ఇద్దరే 2024 అక్టోబర్ 2న వెళ్లి 2025 మే 29న తిరిగొచ్చారు. వాళ్లకు తర్ఫీదు ఇచ్చింది అభిలాష్ టోమీ. 2018 గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో నడుము విరిగి హిందూ మహాసముద్రంలో మూడు రోజులు పడవలో కదల్లేక పడి ఉండి, ఫ్రెంచ్ చేపల నిఘా ఓడ తీస్తే బయటపడ్డ మనిషి.

లక్ష్మి_విక్టోరియా
ఆరుగురు ఉన్న పడవలో ఒంటరితనం ఉండదా అంటే, ఉంటుందనే అనుకుంటాను. మా ఇంట్లో పండక్కి పద్దెనిమిది మంది ఉన్నప్పుడు నాకు ఉంటుంది.

హామ్_కాకినాడ
రేడియో సంగతి చెప్పకుండా మీరంతా ముందుకు వెళ్లిపోయారు. 2004 సునామీ నాడు హైదరాబాద్ హామ్ సంస్థ బృందం అనుకోకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. భారతీ ప్రసాద్ అనే ఆవిడ నాయకత్వం. అండమాన్ నుంచి రేడియో చేయడానికి అరుదైన అనుమతి దొరికితే సరదాగా వెళ్లారు. ఫోన్లన్నీ పోయాక ఎవరు బతికున్నారో మెయిన్‌లాండ్‌కి చెప్పింది ఆ హోటల్ గదిలోని సెట్టే. రోజూ ఊరికే ‘హలో, వినిపిస్తోందా’ అనుకునే ముసలాళ్లని చూసి నవ్వకండి. అలవాటు అన్నది అవసరం వచ్చిన రోజు మొదలుపెడితే రాదు.

ఇంకోటి. జీన్ గారు పడవ నుంచి డైరీ రాసి పంపింది కూడా ఇలాంటి రేడియోతోనే. షార్ట్‌వేవ్ మీద ఈమెయిల్ వెళ్తుంది, ఒక పేజీ వెళ్లడానికి ఓపిక పట్టాలి. ఒడ్డున ఆ కేంద్రాలు నడిపేది కూడా వలంటీర్లే, కరెంటు బిల్లు సొంతం.

ఉప్పాడ_చినబాబు
హామ్ గారూ, మీ నెట్‌లో మా పడవలకు చోటుందా? మా వాళ్లు సెల్ సిగ్నల్ దాటాక దేవుడే దిక్కు.

హామ్_కాకినాడ
లైసెన్స్ పరీక్ష రాయాలి బాబూ. కష్టం కాదు. నేను నేర్పుతాను, ఫీజు లేదు. ఆదివారాలు ఖాళీ. మీ ఊరి ఆడపిల్లల్ని కూడా పంపండి. తెప్ప ఎక్కనివ్వకపోతే రేడియో ముందు కూర్చోనివ్వండి, ఎవరి ఆనవాయితీకీ అడ్డం కాదు.

ఉప్పాడ_చినబాబు
మా చెల్లెలు ఇంటర్ చదువుతోంది. అడుగుతా.

కారం_దోశ
రావన్నా, చెల్లెలి గొడవతో మొదలుపెట్టావు, ఇక్కడ చెల్లెళ్ల సంఘం తయారవుతోంది.

సందేహాల_రావు
నిజం చెప్పేస్తాను. గొడవ వీడియోల గురించి కాదు. చెల్లెలు హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటానంది. వయసు ఇరవై ఆరు, ఉద్యోగం ఉంది. ‘నీకు ఎవరు తోడు వస్తారు’ అన్నాను. ‘సోలో’ అంది. అక్కడ మొదలైంది. సోలో అనేది ఉండదని నిరూపించాలని ఇక్కడికి వచ్చాను.

నీలిమ_బుల్లెట్
అదన్నమాట! నాలుగు రోజుల నుంచి మాతో ఆస్ట్రేలియా దాకా తిప్పించి ఇప్పుడు చెబుతున్నారు.

పుల్లయ్య_వేమవరం
వేమవరం వెళ్లొచ్చింది ఇప్పుడు మనం.

మెహదీపట్నం_మస్తాన్
హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు ఆప్టిమిస్ట్ అని చిన్న డబ్బా పడవలు నడుపుతారు. మా బస్తీ పిల్లలు ఇద్దరు పోతున్నారు. ఖరీదైన ఆట అన్నాను కదా, వీళ్లకు మాత్రం ఒక్క పైసా లేదు. పెద్దవాళ్లకు వేరే పడవలుంటాయి. వాసన మాత్రం అందరికీ సమానం.

వైజాగ్_ఇంజన్‌రూమ్
ముందు ఈత వచ్చా అని అడగండి. లైఫ్‌జాకెట్ వేసుకోమనండి. తర్వాత మీరు ఒడ్డున కూర్చోండి. ఫోన్ చేయకండి.

సందేహాల_రావు
ఈత నాకే రాదు. ఆమెకు వచ్చు. ఆదివారం వెళ్తున్నాం. నేను ఒడ్డునే. లొకేషన్ అడగను, నీలిమ గారి మీద ఒట్టు.

అమ్మమ్మ_మాట
టిఫిన్ కట్టి పంపు నాయనా. ఎండలో ఆకలేస్తుంది. పడవలో పాడవకుండా ఏం ఉంటుంది అని ఆలోచిస్తే ఆవకాయ తప్ప తట్టడం లేదు.

గోదారి_గట్టు
తారిణి వాళ్లకు మైసూర్ డీఆర్‌డీఓ ల్యాబ్ వాళ్లు వేడినీళ్లు పోస్తే తినేసే ప్యాకెట్లు ఇచ్చారు అమ్మమ్మ గారూ. ఆవకాయ అందులో ఉందో లేదో.

అమ్మమ్మ_మాట
వైజాగ్ పిల్ల ఉందన్నారు కదా. ఉండే ఉంటుంది.

హామ్_కాకినాడ
తేమకు బూజు పడుతుంది. పైన నూనె రెండంగుళాలు తేలాలి.

ఉప్పాడ_చినబాబు
రెండంగుళాలు తేలితే మొదటి అలకే పడవంతా నూనె. పొడులు పెట్టండి.